కీబోర్డు కొలిచిన గాజు

మొదట్లో బాబు మియా చేతిలో ఉన్నవేమిటంటే, ఇచ్చోడ బస్టాండుకు ఎదురుగా పన్నెండడుగుల గాజుల దుకాణం, దాన్ని నడపడానికి సొంత చేతులు రెండు, ఇంట్లో ప్రాణాలతో ఉన్న భార్య. ఆ భార్యకు గొంతు లేదు.

ఆ బేరం ఆయనే కుదుర్చుకున్నాడు. ఐదు నెలల కింద కరీంనగర్‌లో డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. గడ్డ స్వరపేటికనే పట్టుకుంది, దాన్ని తీసేస్తే మనిషి దక్కుతుంది, మాట మాత్రం ఇక రాదు అన్నాడు. మహబూబ్‌బీ భర్త మొహంలోకి చూసింది. ముప్పై ఏళ్లుగా బేరాలాడుతున్న మనిషి, ఏ బేరానికీ అంత తొందరగా ఒప్పుకుని ఎరగడు. "తీసెయ్యండి సార్," అన్నాడు. తిరిగి వస్తున్నప్పుడు బస్సులో కూడా తాను లాభంలోనే ఉన్నాననుకున్నాడు. మనిషి పక్క సీట్లో కూర్చుని ఉంది, కిటికీలోంచి గాలి వస్తే మెడ చుట్టూ దుపట్టా సర్దుకుంటోంది. అంతకంటే ఏం కావాలి?

మాట విలువెంతో దుకాణం తెరిచాక తెలిసింది.

గాజులు తొడగడం చేతి పని అనుకుంటారు కొనేవాళ్లు. అందులో సగం నోటి పని. చేతికి నప్పే గాజు ఎప్పుడూ చేతికంటే చిన్నదే. బొటనవేలి కణుపును మెత్తగా పిసికి, చేతిని దొప్పలా ముడిచి, ఒక్క ఊపున దాటించాలి. ఆ క్షణంలో తొడిగించుకునే ఆమె తన చేతి వైపు చూసిందా, భయంతో చెయ్యి కట్టెలా బిగుస్తుంది, గాజు పుటుక్కున విరుగుతుంది. అందుకని ఆమె ధ్యాసను వేరే చోటికి పంపాలి. మహబూబ్‌బీ ఆ పనిలో ఆరితేరింది. "మీ అత్త మోకాళ్లు ఎట్లున్నయ్? ఇంక నిన్నే నీళ్లు తెమ్మంటుందా?" అని అడిగేది. అవతలి మనిషి అత్త సంగతి మొదలుపెట్టి సగానికి వచ్చేలోపు డజను గాజులు మణికట్టు మీద ఉండేవి. "అప్పుడే అయిపోయిందా అక్కా," అని ఆశ్చర్యపోయేవాళ్లు.

ఇప్పుడు బాబు మియా తొడుగుతున్నాడు. ఆయనకు గాజుల ధరలు తెలుసు, అత్తల మోకాళ్ల సంగతి తెలియదు. "ఎన్ని డజన్లు?" అని అడిగాక ఇక మాట తోచదు. సాయంత్రానికి దుకాణం ముందు ఊడ్చిన గాజుపెంకులు చేటెడు తేలేవి.

ఆపరేషను తర్వాత మహబూబ్‌బీ ఒక్కసారే దుకాణానికి వచ్చింది. కాలేజీ పిల్ల ఒకతె చెయ్యి చాపింది. మహబూబ్‌బీ మాట లేకుండా ఆ చెయ్యి అందుకుంది. పిల్ల కళ్లు ఆమె మెడ చుట్టూ ఉన్న గుడ్డ మీదే నిలిచిపోయాయి. మూడో గాజు విరిగి చర్మం చీరుకుంది. మహబూబ్‌బీ దుపట్టా కొంగుతో ఆ రక్తపుచుక్క తుడిచి, లేచి ఇంటికి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. బాబు మియా పలక కొనిచ్చాడు. వచ్చేవాళ్లలో సగం మందికి చదువు రాదు. చదువొచ్చిన వాళ్లు పలక వంక చూడాలంటే తల తిప్పాలి, తల తిప్పితే చెయ్యి కదులుతుంది. పలక అటకెక్కింది.

అట్లాంటి రోజుల్లో పక్క ఊరి దేవవ్వ వచ్చింది. మూడు తరాలుగా వాళ్లింటి ఆడవాళ్లకు గాజులు తొడిగేది బాబు మియా ఇంటివాళ్లే.

"వచ్చే శుక్రవారం కాక ఆ పై శుక్రవారం మా మనుమరాలు మమతారాణి పెండ్లి," అంది దేవవ్వ. "గురువారం గాజులు. మహబూబ్‌ను పంపు."

"ఆమెకు మాట లేదు గద అవ్వా."

"మాట లేకుంటె చెయ్యి లేదా?"

"చెయ్యి ఉన్నది. మాట లేక ఆ చెయ్యి నడుస్తలేదు."

దేవవ్వ తన చేతి గాజులు చూపించింది. "నా చేతికి మీ అవ్వ తొడిగింది. నా కోడలి చేతికి మహబూబ్ తొడిగింది. గీ పిల్లకు ఎవలో తొడిగితె నాకు మనసొప్పది. అట్లని పెండ్లిపిల్ల చేతి మీద గాజు పలగొద్దు బాబూ, అది నీకు నేను చెప్పాల్నా? గా ముందటి మంగళవారం దాకా చూస్త. కాదంటె నిర్మల్ నుంచి పిలిపిస్త."

బాబు మియా ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. పోయేది ఒక పెళ్లి బేరమైతే ఆయన అంత ఆలోచించేవాడు కాదు. ఆ పిల్ల చెయ్యి నిర్మల్ వాళ్ల చేతిలోకి పోతే, మహబూబ్‌బీ ఇక జన్మలో గాజుల పెట్టె ముందు కూర్చోదని ఆయనకు తెలుసు.

ఆయన చెల్లెలి కూతురు తహసీన్ కరీంనగర్‌లో, ఫోన్లలో నడిచే యాప్‌లు తయారుచేసే చిన్న కంపెనీలో పని చేస్తుంది. మేనమామ ఫోన్ చేసి గోడు చెప్పుకుంటే వారం తిరక్కముందే ఆదివారం బస్సెక్కి వచ్చింది. అప్పటికే తనే కూర్చుని ఒక యాప్ తయారుచేసి తెచ్చింది. తెర అడుగున మాటలు రాసే పెట్టె, పెట్టె పక్కన పచ్చ గుండీ. రాసి గుండీ నొక్కితే ఫోను ఆడగొంతుతో చదువుతుంది. తన ఫోనులో ఇంగ్లిష్ అక్షరాలు టకటకా కొట్టి చూపించింది. ఫోను తెలుగులో "సలాం ముమానీ, మంచిగున్నరా?" అంది. మహబూబ్‌బీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తహసీన్ ఆ యాప్‌ను అత్త ఫోనులోకి ఎక్కించి, తెరుచుకుంటోందని చూసి, నాలుగు గంటల బస్సుకు పరుగెత్తింది.

మహబూబ్‌బీ చదివింది ఏడో తరగతి దాకా, తెలుగు బడిలో. ఇంట్లో మాట్లాడేది దక్కనీ అయినా రాయడం వచ్చింది తెలుగు అక్షరాల్లోనే. అందుకని తహసీన్ వెళ్లాక బాబు మియా ఫోనులో తెలుగు కీబోర్డు పెట్టాడు. కళ్లజోడు పెట్టుకున్నా ఆమెకు అక్షరాలు ఆనడం లేదని కీబోర్డును ఎంత పెద్దది చేయొచ్చో అంత పెద్దది చేశాడు.

సోమవారం ఆమె దుకాణానికి వచ్చింది. పక్కనున్న బట్టల దుకాణం కోడలు గాజులకొచ్చి చెయ్యి చాపింది. మహబూబ్‌బీ ఫోను తెర మీద పెట్టెను తాకింది. కీబోర్డు లేచింది. పెట్టె కాస్త పైకి జరిగింది గానీ, కీబోర్డు దాన్ని మించి లేచి కప్పేసింది. పచ్చ గుండీ అంచు మాత్రం పైకి కనిపిస్తోంది. రాసింది ఎక్కడ పడుతోందో, ఏ అక్షరం పడిందో ఆమెకు తెలియలేదు. గుర్తుతో కొట్టుకుంటూ పోయి గుండీ అంచు నొక్కింది. ఫోను గట్టిగా ఏవేవో ముక్కలు వల్లించింది. బట్టల దుకాణం కోడలు పాపం ఆపుకోలేక నవ్వింది. మహబూబ్‌బీ మళ్లీ రాసింది. మళ్లీ అంతే. ఫోనును దుపట్టా కొంగులో చుట్టుకుని ఇంటికి పోయి, ఖాళీ గాజుల డబ్బాలో పెట్టి మూత వేసింది.

బాబు మియా తహసీన్‌కు ఫోన్ చేశాడు.

"నా ఫోన్ల మంచిగనే నడుస్తుంది మామూ," అంది ఆ పిల్ల. "ముమానీ సరిగ నొక్కుతలేదేమో జర చూడు."

ఆ మాట ఆయనకు కొత్తది కాదు. హైదరాబాద్ హోల్‌సేల్ వాళ్లు ముప్పై ఏళ్లుగా అదే అంటున్నారు. మా గోదాములో ఉన్నన్నాళ్లు గాజులు బాగానే ఉన్నాయి, మీ దగ్గరికి వచ్చాకే పగిలాయి అని. వాళ్లతో ఆయన ఫోనులో వాదించడు. సరుకు పట్టుకుని వెళతాడు.

"రేపు వస్తున్న."

"గంత దూరం ఎందుకు మామూ, తెర ఫోటో తీసి పంపు."

"పలిగిన గాజు ఫోటో చూసి సరుకు మార్చిచ్చినోడు ఎవడన్న ఉన్నడా బిడ్డా?"

మర్నాడు ఫోనును గాజుల్లాగే పాత పేపరులో చుట్టి, డబ్బాలో పెట్టుకుని తొలి బస్సెక్కాడు. నిర్మల్‌లో బస్సు మారి, జగిత్యాల మీదుగా కరీంనగర్‌లో దిగేసరికి పదకొండైంది. తహసీన్ ఆఫీసు ఒక మెడికల్ షాపు పైన రెండో అంతస్తులో ఉంది. ఆయన మంచినీళ్లు కూడా ముట్టకుండా డబ్బా తెరిచి, భార్య ఫోనునూ మేనకోడలి ఫోనునూ బల్ల మీద పక్కపక్కన పెట్టించాడు.

"రెండిట్ల కీబోర్డు తియ్యి."

తీసింది. తహసీన్ ఫోనులో కీబోర్డు పొట్టిగా ఉంది, రాసే పెట్టె దాని పైన కుదురుగా కనిపిస్తోంది. మహబూబ్‌బీ ఫోనులో కీబోర్డు తెరను సగానికి పైగా మింగేసింది. తెలుగు అక్షరాలకు ఒక వరుస ఎక్కువ, ఆ పైన మాటలు అందించే పట్టీ ఒకటి, అన్నీ ఆయన పెద్దవి చేసి పెట్టినవి.

బాబు మియా చొక్కా జేబులోంచి దారానికి గుచ్చిన కొలత గాజులు తీశాడు. చేతుల సైజు చూడటానికి ఆయన వెంట ఎప్పుడూ ఉంటాయవి. ఒక్కొక్కటే తహసీన్ కీబోర్డు మీద పెట్టి చూశాడు. రెండు-నాలుగు సైజు గాజు అడుగు నుంచి పై అంచు దాకా సరిగ్గా సరిపోయింది. దాన్నే భార్య ఫోను మీద పెట్టాడు. చాల్లేదు. రెండు-ఆరు చాల్లేదు. రెండు-ఎనిమిది చాల్లేదు. రెండు-పది పెడితే, ఆ పైన పట్టీ ఇంకా మిగిలే ఉంది.

"పెట్టెను పైకి ఎంత లేపినవ్?"

"కీబోర్డు ఎంత లేస్తదో అంత."

"ఎవరి కీబోర్డు?"

తహసీన్ తన ఫోను వంక చూసింది. "నాది," అంది. "నాది కొలిచి ఆ లెక్కనే రాసిపెట్టిన."

"గాజులోళ్ల ఇంట్ల పుట్టినవ్. ఊరందరి చేతులకు నీ సైజు గాజు పట్టుకొని పోతవా బిడ్డా?"

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. తహసీన్ చెవులు ఎర్రబడ్డాయి. "పోనీ ముమానీ సైజు పెడ్త," అంది.

"పెడ్తె? రేపు ఆమె అక్షరాలు ఇంక పెద్దగ చేసుకుంటె మళ్ల మునుగుతది. చిన్నగ చేసుకుంటె పెట్టె గాల్లె ఏలాడ్తది. మీ ముమానీ మొహం చూసి సైజు చెప్తదా? ఇరవై ఏండ్లుగ తొడుగుతున్న చెయ్యి అయినా సరే, వచ్చిన ప్రతిసారి పట్టుకొని చూసినంకనే గాజు తీస్తది. నీళ్లొచ్చి ఉబ్బుతది, జ్వరమొచ్చి సన్నపడ్తది. చెయ్యినే అడగాలె."

తహసీన్ తెర వంకే చూస్తూ మెల్లగా అంది: "ఫోన్‌ను అడగొచ్చు మామూ. కీబోర్డు లేసినప్పుడల్ల ఎంత ఎత్తు లేసిందో అదే చెప్తది. నేనే అడగలే."

"పెద్దగ చేసింది నేను. నువ్వు బస్సెక్కినంక. కండ్లకు ఆనుతలేవని."

"ఒక్క మాట చెప్పకపోతివి."

"ఒక్క మాట అడగకపోతివి. సగం సగం పెట్టుకుందాం తప్పు."

ఆ పిల్ల పనిలో దిగింది. మధ్యాహ్నం భోజనాల వేళకు పెట్టె కీబోర్డు నెత్తినెక్కి కూర్చుంది, పచ్చ గుండీ దాని పక్కనే. తహసీన్ ఫోను చేతికిచ్చింది. బాబు మియా కార్టను సరుకు చూసినట్టు చూశాడు. పై వరుస మంచిదే ఉంటుంది, చెయ్యి అడుగుదాకా పెట్టాలి. ఉర్దూ కీబోర్డు పెట్టి చూశాడు, మరాఠీది పెట్టి చూశాడు, ఫోను అడ్డంగా తిప్పాడు. తర్వాత వేలితో వెతుక్కుంటూ పెద్ద వాక్యం ఒకటి మొదలుపెట్టాడు. మూడో వరుసకు వచ్చేసరికి రాస్తున్న అక్షరాలు కీబోర్డు కిందికి జారిపోయాయి.

"గంత పొడుగు ఎవరు రాస్తరు మామూ?"

"మీ ముమానీనే రాయాలె. చిన్న మాటైతె ఫోను ఒక్క రెప్పపాటుల చెప్పి ఊకుంటది. నాలుగు గాజులు కణుపు దాటేదాక మాట నడువాలె. రాసేటప్పుడు ఒక్క చెయ్యి చాలు, తొడిగేటప్పుడు రెండు చేతులు కావాలె. అప్పుడు ఫోను మాట్లాడ్తనే ఉండాలె."

తహసీన్‌కు అప్పటికి అర్థమైంది. "రెడీమేడుగ పది పెద్ద వాక్యాలు పెట్టియ్యనా? నొక్కితె చాలు."

"పదకొండో మనిషికి? చెయ్యికొక మాట ఉంటది బిడ్డా."

సాయంత్రం బస్సుకు ముందు అదీ కుదిరింది. మాట పెరిగేకొద్దీ పెట్టె పైకి పెరుగుతుంది. నాలుగు వరుసలు నిండాక పాతవి లోపలికి జరిగి, రాస్తున్న వరుస ఎప్పుడూ కళ్లముందే ఉంటుంది. బాబు మియా మూడుసార్లు చూసి, నాలుగోసారి తహసీన్ నెత్తి మీద చెయ్యి పెట్టాడు. ఫోనును మళ్లీ పేపరులో చుట్టుకున్నాడు.

మరుసటి పొద్దున మహబూబ్‌బీ బియ్యం చెరుగుతోంది. ఆయన ఫోనును చెంబుకు ఆనించి నిలబెట్టి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని చెయ్యి చాపాడు. పక్కన అన్నిటికంటే పెద్ద సైజు గాజులు నాలుగు పెట్టాడు.

"తొడుగు," అన్నాడు.

పిచ్చి పట్టిందా అన్నట్టు చూసిందామె. ఆయన చెయ్యి తీయలేదు. ఆమె చేట పక్కన పెట్టి, విసుగ్గానే పెట్టెను తాకింది. కీబోర్డు లేచింది. పెట్టె దాని కంటే ముందే పైకి జరిగి నిలబడింది. ఆమె పెట్టె బయట తాకి చూసింది. కీబోర్డు దిగింది, పెట్టె కూడా దిగింది. మళ్లీ తాకింది. మూడోసారికి ఆమె కనుబొమల ముడి విడింది.

రాయడం మొదలుపెట్టింది. మధ్యలో ఒక అక్షరం తప్పు పడింది. ఆమె దాన్ని చూసింది, ఆగింది, చెరిపి సరైనది పెట్టింది. ఆమె పచ్చ గుండీ నొక్కింది. ఆమె రాసింది దక్కనీ మాట, తెలుగు అక్షరాల్లో. ఫోను దాన్ని తెలుగు పంతులమ్మలా తూకంగా చదివింది. ముందు ఆ గోళ్లు కత్తిరించుకుని రమ్మంది.

"ఐదు నెలలకు మొదటి మాట ఇదేనా?" అన్నాడు బాబు మియా కళ్లు తుడుచుకుంటూ.

ఆమె అప్పటికే రెండో మాట రాస్తోంది. కాసేపు పట్టింది. "దేవవ్వ ఎందుకొచ్చింది? పక్కింటోళ్లు చెప్పిండ్రు. నువ్వు చెప్పలే."

ఆయన అంతా చెప్పాడు. గురువారం సంగతి, ఇంకా ఆరు రోజులున్న మంగళవారం గడువు, నిర్మల్ వాళ్ల మాట. ఆమె విని, ఎడమ చేత్తో ఆయన బొటనవేలి కణుపు పిసుకుతూ, కుడి వేలితో చాలాసేపు రాసింది.

"ఆ పిల్ల కుడి చెయ్యి చిన్నప్పుడు ఇరిగింది. బొటనేలు కణుపు లోపలికి కూసున్నది. తిన్నగ నూకితె పలుగుతది, కింది నుంచి లేపి నూకాలె. నిర్మల్ వాళ్లకు ఎట్ల తెలుస్తది? నువ్వు పొయ్యి వస్తున్నమని చెప్పు. ఆకుపచ్చవి రెండు-నాలుగు సైజువి ఉన్నయా లేవా చూస్కో."

ఫోను ఇదంతా చదివి ఆగేసరికి ఆయన చేతికి రెండు గాజులున్నాయి. ఆయన చూసుకోనే లేదు.

పై వారం గురువారం పెళ్లింటి వసారాలో చాప పరిచి, గాజుల పెట్టె మీద చెంబు, చెంబుకు ఆనించి ఫోను. ఆడవాళ్లందరూ చుట్టూ చేరారు. మగవాళ్లతో పాటు గుమ్మం బయట కూర్చున్న బాబు మియాకు లోపల ఏం జరుగుతోందో కనిపించదు, వినిపిస్తుంది అంతే.

చెయ్యి చాపమని మమతారాణికి ఎవరో చెప్పారు. కాసేపు ఏ చప్పుడూ లేదు. మహబూబ్‌బీ రాస్తోందన్నమాట. తర్వాత ఫోను మొదలుపెట్టింది, బస్టాండులో బస్సుల పేర్లు చదివినట్టు. "ఐదో తరగతిల జామచెట్టెక్కి పడ్డవ్ యాదికున్నదా? నీ చేతికి కట్టు కట్టినప్పుడు నువ్వు ఏడ్వలే, మీ అమ్మ ఏడ్వలే, మీ నానమ్మ మాత్రం దవాఖాన మెట్ల మీద కూసోని అందరు చూస్తుంటె ఏడ్సింది. కావాల్నంటె అడుగు."

ఆ గొంతుకూ ఆ మాటలకూ పొత్తు కుదరక పిల్లలు ముందు నవ్వారు. పెళ్లికూతురు తన చెయ్యి చూసుకోవడం మరిచిపోయి ఫోను వైపు నోరు తెరుచుకుని చూస్తోందని లోపలి నుంచి వచ్చిన ఒకామె చెప్పింది.

"నేను ఎందుకేడుస్త?" దేవవ్వ గొంతు వినిపించింది. "అబద్ధం."

"ఏడ్సినవ్ నానమ్మా, నాకెరుక," అంది మమతారాణి. అని, వెంటనే, "ఓ, దాటిపోయినయా? నొయ్యనే లేదు," అంది.

వసారా అంతా గొల్లుమంది. గాజుల గలగల ఆ నవ్వులో కలిసిపోయింది.

"నీ ఫోను మెల్లగ మాట్లాడ్తుంది మహబూబ్," అంది దేవవ్వ తన వంతు వచ్చినప్పుడు. "నీ నోటికి అది సరిపోతలేదు." దానికి ఫోను ఏం జవాబిచ్చిందో బయటికి వినబడలేదు. దేవవ్వ నవ్వి నవ్వి దగ్గింది, ఆ దగ్గుకు గాజు ఒకటి విరిగింది.

సాయంత్రం ఆటోలో మహబూబ్‌బీ ఒళ్లో గాజుల పెట్టె, పెట్టె మీద ఫోను. రెండు-ఆరు డబ్బాలో రెండు-ఎనిమిది ఎవరు కలిపారో ఫోను అడిగింది. గుంతలో పడి ఆటో ఎగిరితే మధ్యలో ఆపి మళ్లీ అడిగింది. బాబు మియా తప్పు ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, కళ్లు మూసుకుని లెక్క చూసుకున్నాడు. తొడిగిన చేతులు ముప్పై ఎనిమిది. విరిగిన గాజులు మూడు, పెళ్లికూతురి చేతి మీద ఒక్కటీ లేదు. పోయిన గొంతు పోయినట్టే ఉంది. ఫోనులోది ఆమె గొంతు కాదు, ఎప్పటికీ కాబోదు. ఆ నష్టాన్ని ఆయన కొట్టెయ్యలేదు, అలాగే ఉంచాడు. ఇక వచ్చింది చూస్తే, పొద్దున్నుంచి ఆమె తిట్టిన తిట్లు ఆరు. ఆరూ తననే. వాటిని ఒక్కటీ వదలకుండా లాభం కింద వేసుకున్నాడు.